వేళ కాని వేళ ఇనుప పట్టా

నెల్డా ప్రూయిట్ మంచి మనిషే. కాకపోతే సెప్టెంబరు రెండో వారం నుంచి అక్టోబరు ఆఖరు దాకా ఆమెతో మాట్లాడాలంటే కాస్త గుండె ధైర్యం కావాలి. ఆ ఏడు వారాలూ ఆమె కొండ మీద వేట క్యాంపులో వంట చేస్తుంది. ఇరవై మూడేళ్లుగా చేస్తోంది. వంటతో ఆమెకు ఏనాడూ పేచీ లేదు. పేచీ అంతా తినేవాళ్లతోనే.

వయోమింగ్ వాయవ్య మూలలో రోడ్డు ఆగిపోయిన చోట గుర్రమెక్కితే, ఏడు గంటల ప్రయాణం తర్వాత ఆ క్యాంపు వస్తుంది. అక్కడికి మనుషులు ఎల్క్ కోసం, అంటే గుర్రమంత ఎత్తు కొమ్ముల దుప్పి కోసం వస్తారు. గ్రిజ్లీ ఎలుగులు కూడా ఎల్క్ కోసమే వస్తాయి. మంచు పడేలోగా కొవ్వు పట్టించి గుహలో పడుకోవాలన్న తొందర వాటిది, కొమ్ములు కట్టుకుని ఇంటికి పోవాలన్న తొందర వీళ్లది. ఈ ఇద్దరి మధ్యా గరిటె పట్టుకుని నిలబడేది నెల్డా. ఎలుగులు ఆమె మాట వింటాయి. కరెంటు కంచె ముక్కుకు ఒకసారి తగిలిందంటే మళ్లీ ఆ వైపు రావు. మనుషులకు అలాంటి కంచె ఎవరూ కనిపెట్టలేదు, అదే ఆమె ఖర్మ.

ఆమె అడిగేది ఏమంత గొప్ప విషయం? తినేది ఏదైనా ఇనుప పెట్టెలో, కంచె లోపల పెట్టండి. డేరాలోకి పొగాకు, పళ్ల పేస్టు, పెదాలకు రాసుకునే మైనం కూడా తీసుకుపోవద్దు. ఎలుగు మీదికొస్తే కొట్టే కారం స్ప్రే డబ్బా నడుముకు కట్టుకోండి, సంచి అడుగున కాదు. అంతే. ప్రతి సోమవారం కొత్తగా వచ్చిన వాళ్లను వరసగా నిలబెట్టి నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతుంది. వాళ్లు బుద్ధిగా వింటారు. మంగళవారం పొద్దుటికి ఎవడో ఒకడి దుప్పట్లో బిస్కెట్టు పొడి కనిపిస్తుంది.

పదకొండేళ్ల కిందట ఒకాయన దిండు కింద చాక్లెట్లు దాచుకున్నాడు. ఆయన దొడ్డికి వెళ్లిన పది నిమిషాల్లో నాలుగేళ్ల ఎలుగొకటి వచ్చి డేరా చీల్చి, చాక్లెట్లు కాగితాలతో సహా తినేసి పోయింది. రుచి మరిగింది కదా, మూడు రోజుల్లో మూడుసార్లు వచ్చింది. నాలుగో రోజు అటవీశాఖ వాళ్లు వచ్చి దాన్ని కాల్చేశారు. వలలో కట్టి హెలికాప్టర్ కింద వేలాడేసుకుపోతుంటే నెల్డా వంట డేరా ముందు నిలబడి చూసింది. ఆ క్రిస్మస్‌కు ఆయన క్షమాపణ రాస్తూ ఆమెకు పెద్ద చాక్లెట్ల డబ్బా పంపించాడు. దాన్ని ఆమె విప్పకుండానే పొయ్యిలో వేసింది.

వచ్చేపోయేవాళ్లది ఒక వారం గొడవ. వాళ్లను క్షమించవచ్చు. కానీ కట్టుకున్నవాడిని ఏం చేయాలి?

ఆమె మొగుడు వెర్లిన్ ఆ క్యాంపులో పెద్ద గైడు. అరవై నాలుగేళ్లు. ఆ లోయలో ఏ ఎల్క్ ఏ పూట ఎక్కడ నీళ్లు తాగుతుందో చెప్పగలడు. ఎలుగుల సంగతి అతనికి తెలిసినంతగా ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు, నెల్డాకు తెలిసిందంతా అతను నేర్పిందే. ఇంత తెలిసినవాడు స్ప్రే డబ్బాను జీను సంచిలో, తాడు కింద, వానకోటు కింద పెట్టుకుని తిరుగుతాడు. అదేమిటంటే నడుముకు గుచ్చుకుంటుందట. రేడియో ఆపేసి పెడతాడు, అది గరగరలాడితే ఎల్క్ బెదురుతుందట. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

అన్నిటికన్నా ఘోరం చెవులు. నలభై ఏళ్లు చెవి పక్కన తుపాకులు పేలితే ఎవరి చెవులు మాత్రం ఉంటాయి? నాలుగేళ్ల కిందట నెల్డానే పట్టుబట్టి పట్నం తీసుకెళ్లింది. డాక్టరు పరీక్ష చేసి, సన్నటి శబ్దాలు పోయాయి, పిట్టల కూతా ఆడవాళ్ల గొంతూ సరిగా అందవు, లారీ, ఉరుము, ఇనుము లాంటి మొద్దు శబ్దాలు బాగానే అందుతాయి అన్నాడు. రెండు చెవులకూ మిషన్లు ఇచ్చాడు. వెర్లిన్ వాటిని రెండు రోజులు పెట్టుకున్నాడు. గాలి వీస్తే రైలు పోతున్నట్టుంది, గుర్రం గడ్డి నములుతుంటే పిండి మర తిరుగుతున్నట్టుంది అని తీసేసి గడ్డం సామాను డబ్బాలో పడేశాడు. దాణా కొట్టు దగ్గర మాత్రం అందరికీ చెప్పుకుని నవ్వించాడు.

"పెళ్లాం మాట వినక్కర్లేదని డాక్టరే చెప్పాడ్రా, నాదేం తప్పు?"

కొట్టులో ఉన్న మగవాళ్లంతా పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. పక్క వరసలో గుర్రాల మందు వెతుక్కుంటున్న నెల్డా కూడా విన్నది. ఆమె చెవులు బాగానే ఉన్నాయి మరి.

అప్పటి నుంచి అతనికో అలవాటు పట్టుకుంది. ఎవరేం చెప్పినా తల ఊపుతాడు. నెమ్మదిగా, అంతా అర్థమైనట్టు, చాలా ఒద్దికగా. ఆ తల ఊపడం చూస్తే నెల్డాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. చెప్పిన మాట ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేస్తున్నాడని, మొండితనమని, లెక్కలేనితనమని ఆమె బాధ. నాలుగేళ్లుగా గొంతు పెంచుకుంటూ పోయింది. ఇప్పుడు ఆమె ఉప్పు అందుకోమని అడిగినా గుర్రాలు చెవులు రిక్కిస్తాయి.

క్యాంపులో అందరూ మారుమాట లేకుండా వినేది ఒక్కటే. వంట డేరా పక్కన దేవదారు కొమ్మకు పాత బండి చక్రం ఇనుప పట్టా ఒకటి వేలాడుతుంటుంది. నాడాలు కొట్టే సుత్తితో దాన్ని మోగిస్తే ఏ వాగులో ఉన్నవాడైనా చేస్తున్న పని వదిలేసి వస్తాడు. తిండికి తప్ప దాన్ని ముట్టకూడదన్నది నెల్డా పెట్టిన కట్టుబాటే. తెల్లవారుజామున ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి. ఆటకని ఒకడు మధ్యాహ్నం మోగిస్తే రెండు రోజులు వాడికి కాఫీ పోయలేదు.

ఇక ఆ అక్టోబరు సంగతి.

ఆ వారం వచ్చిన ముగ్గురిలో ఇద్దరు ఇంకో గైడుతో పై లోయకు పోయారు. మూడోవాడు రాడ్‌బర్న్ వెర్లిన్ వంతుకు వచ్చాడు. మిషిగన్ నుంచి వచ్చిన లిఫ్టుల మెకానిక్, నెమ్మదస్తుడు. ఆరేళ్లు దరఖాస్తు పెడితే ఆ ఏడాది వేట పర్మిట్టు వచ్చిందట. బుధవారం సరిగ్గా పొద్దు వాలే వేళ, వాగు అవతలి పచ్చిక మీద మంచి కొమ్ముల మగ ఎల్క్‌ను కొట్టాడు. కొట్టేసరికి చీకటి పడుతోంది. అంత మాంసం ఆ పూట తేలేరు. పొట్ట చీల్చి, కోసి, పేగుల కుప్పకు దూరంగా నూరడుగులు లాగి, పచ్చికలో పైకి కనిపించేలా పెట్టి వచ్చారు. వచ్చేముందు వెర్లిన్ తన లోపలి బనియను విప్పి, మాంసం మీద కర్ర పాతి దానికి తగిలించాడు. అక్కడ అందరూ చేసే పనే. మనిషి చెమట కంపు ఒక రాత్రికి ఎలుగును ఆపుతుందని నమ్మకం. ఒక్కోసారి ఆపుతుంది కూడా.

కోటు కింద ఒంటిమీద బట్ట లేకుండా వణుకుతూ వచ్చిన మొగుణ్ని చూసి నెల్డా అడిగింది.

"ఏ బనియను కట్టావు?"

"ఎర్రది."

"అది నిన్ననే ఉతికానయ్యా. సబ్బు వాసన తప్ప దాంట్లో ఏముందని?"

వెర్లిన్ తల ఊపి సూపు తాగాడు.

తెల్లవారింది. అట్లు పోసి, బేకన్ వేయించి, మేపుల్ పాకం ముందు పెట్టి, నెల్డా మొగుడికి ఎదురుగా నిలబడింది. గాలి పై నుంచి కిందికి కొడుతోంది. ఆ గాలికి, కింది అడవిలోంచి పోయేవాడి వాసన పైన పచ్చికలో ఉన్నదానికి తెలియదు. అటువంటప్పుడు రెండు దారులు. వాగు దాటగానే ఎడమకు తిరిగి దిబ్బ ఎక్కితే అరగంట చుట్టు, కానీ పచ్చికంతా కనబడుతుంది. తిన్నగా పోతే చిక్కటి అడవిలోంచి పావుగంటలో మాంసం పక్కనే తేలతారు. ఎలుగుంటే దాని ఒళ్లోనే తేలతారు.

"దిబ్బ మీదుగా పో," అంది నెల్డా. "కూర్చుని చూడు. కాకులు ఎక్కడున్నాయో చూసి అప్పుడు దిగు."

వెర్లిన్ తల ఊపాడు.

"గాలి కూడా మంచిది కాదివ్వాళ. వింటున్నావా?"

మళ్లీ ఊపాడు. ఇంకో అట్టు వేసుకున్నాడు.

రాడ్‌బర్న్‌కు ఆసక్తి కలిగింది. "కాకుల సంగతేంటి మేడమ్?"

"బొంతకాకులు మాంసం మీద వాలి తింటున్నాయనుకో, పోవచ్చు, ఎవరూ లేరని. చెట్టెక్కి కూర్చుని కిందికి చూస్తున్నాయనుకో, వాటి కంచం దగ్గర ఇంకెవరో కూర్చున్నారని. నాకు ఈ ముక్క నేర్పిందీ ఈ మహానుభావుడే."

"మరి బనియను కట్టాం కదా?"

"కట్టారు. ఎలుగు దాంతో మూతి తుడుచుకుంటుంది."

రాడ్‌బర్న్ నవ్వాడు. వెర్లిన్ కూడా నవ్వాడు, అతను నవ్వాడు కాబట్టి. ఇద్దరూ గుర్రాలెక్కి, రెండు కంచరగాడిదలను వెంట కట్టుకుని బయల్దేరారు. స్ప్రే డబ్బా జీను సంచి అడుగునే ఉంది. అది చూసి కూడా నెల్డా ఏమీ అనలేదు. చెప్పి చెప్పి నోరు పడిపోయిన రోజులు కొన్నుంటాయి, అది అలాంటి రోజు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమెందుకని గిన్నెల దగ్గరకు పోయింది. ఆ ఒక్క పూట ఊరుకున్నందుకు తర్వాత తనను తాను చాలా తిట్టుకుంది.

గిన్నెలు తోమి, ఆ నీళ్లు కంచె దాటి నూరడుగుల దూరాన పారబోసి, బిందె తీసుకుని ఊట దగ్గరకు ఎక్కింది. క్యాంపు వెనక కొండకు అరుగులాంటి రాయి ఒకటుంది, ఊట దాని కిందే. అక్కణ్నుంచి చూస్తే వాగూ, దిబ్బా, అవతలి పచ్చికా అన్నీ చేతిలో ఉన్నట్టుంటాయి. ఆమె దగ్గరెప్పుడూ చిన్న దుర్భిణి ఉంటుంది. మొగుడి మీద కోపమున్నా, ఎక్కడిదాకా పోయాడో చూడకుండా ఏ రోజూ బిందె నింపలేదు.

ముందు పచ్చిక చూసింది. మాంసం పెట్టిన చోట మాంసం లేదు. ఎర్రమట్టి కుప్ప ఉంది. తవ్వి పోసిన మట్టి, గడ్డి పెళ్లలు, విరిచిన కొమ్మలు, గొడ్డును పూడ్చినట్టు. ఎలుగు తినగా మిగిలింది అలాగే కప్పెట్టి పక్కనే కాపలా పడుకుంటుంది. కర్ర లేదు, బనియను లేదు. దుర్భిణి పైకెత్తింది. పచ్చిక అంచున ఎండిపోయిన చెట్టు మీద ఏడు బొంతకాకులు. ఒక్కటీ అరవడం లేదు. అన్నీ కిందికి చూస్తున్నాయి.

మట్టి కుప్ప పక్కన గోధుమరంగు బండ అనుకున్నది కొంచెం కదిలి, ఇంకో పక్కకు తిరిగి పడుకుంది.

నెల్డా దుర్భిణి వాగు మీదికి తిప్పింది. రెండు గుర్రాలు, రెండు కంచరగాడిదలు అప్పుడే నీళ్లు దాటుతున్నాయి. ఎడమకు తిరుగు, అంది పైకే. తిరుగు నాయనా, తిరుగు. రాడ్‌బర్న్ చెయ్యెత్తి దిబ్బ వైపు చూపించడం కనిపించింది. వెర్లిన్ తల ఊపడం కూడా కనిపించింది, అంత దూరం నుంచి. తల ఊపి, గుర్రాన్ని తిన్నగా అడవిలోకి తోలాడు.

అక్కడి నుంచి పావుగంట. బిందె వదిలేసి రేడియో తీసి పిలిచింది. గరగర తప్ప ఏమీ లేదు. నోటి చుట్టూ చేతులు పెట్టుకుని ఉన్న గొంతంతా పెట్టి అరిచింది. ఆ గొంతుకు ఊరు ఊరంతా జడుస్తుంది, వాగు అవతల మాత్రం ఆకు కూడా కదలలేదు. పరిగెత్తి చేరుకుందామంటే దారి వెంట ముప్పావుగంట. తుపాకులు రెండు జట్లతోనూ పోయాయి, క్యాంపులో తన నడుముకున్న స్ప్రే డబ్బా తప్ప ఏమీ లేదు. ఇన్నేళ్లు ఇంత నోరు పెట్టుకుని, ఇంత తెలిసి, కళ్లెదుట మనిషి పోయి ఎలుగు ఒళ్లో పడుతుంటే ఒక్క మాట అతని చెవిన వేయలేకపోతున్నానే అని ఏడుపు వచ్చింది. దుఃఖం కాదు, ఒళ్లుమండి వచ్చిన ఏడుపు. ఇంత చేసీ ఎవడి చెవిలో పడింది నా గొంతు?

అప్పుడు డాక్టరు మాట గుర్తొచ్చింది. ఇనుము వినపడుతుంది.

అరుగు మీంచి వంట డేరా దాకా ఎలా దిగిందో ఆమెకే తెలియదు, మోకాలు చీరుకుపోయింది. సుత్తి అందుకుని పట్టా మీద కొట్టడం మొదలుపెట్టింది. అన్నానికి కొట్టినట్టు నాలుగు దెబ్బలు కొట్టి ఆపడం కాదు, ఆపకుండా. కింద నుంచి వాగు కనపడదు, చెట్లు అడ్డం. అతను ఆగాడో, పోతూనే ఉన్నాడో, అసలు విన్నాడో లేదో తెలియదు. అరుగెక్కి చూద్దామంటే చెయ్యి ఆపాలి. చెయ్యి ఆపడానికి ధైర్యం చాల్లేదు. కుడి చెయ్యి లాగేస్తే ఎడమ చేతికి మార్చింది. వేలికి దెబ్బ తగిలింది. కొడుతూనే మొగుణ్ని తిట్టింది, పుట్టిన దగ్గర నుంచీ చేసిన తప్పులన్నీ పేరుపేరునా తిట్టింది. తిండి అనుకునైనా రా, పొట్టకోసమైనా రా, అంది. పావుగంట దాటింది. ఇంకో పావుగంట పోయి ఉంటుంది. ఆమె ఇంకా కొడుతూనే ఉంది.

గుర్రం గిట్టల చప్పుడు వినిపించేసరికి చేతులు రెండూ మొద్దుబారిపోయాయి.

వెర్లిన్ చెట్లలోంచి దూసుకొచ్చాడు. ఒంటరిగా. టోపీ లేదు, చెంప మీద కొమ్మ గీరిన రక్తం. గుర్రం నురగలు కక్కుతోంది. అరవై నాలుగేళ్ల మనిషి కళ్లెం వదిలేసి, గుర్రం ఆగకముందే దూకాడు. అతని చేతిలో స్ప్రే డబ్బా ఉంది, మూత పిన్ను పీకేసి ఉంది. దాన్ని ముందుకు చాచి పట్టుకుని వంట డేరా చుట్టూ, ఆమె వెనక, పొయ్యి వెనక చూశాడు.

"ఎక్కడే? ఎటు పోయింది? నీకేమన్నా అయిందా?"

సుత్తి ఇంకా నెల్డా చేతిలోనే ఉంది.

"మోకాలికి రక్తమేంటి? నిన్ను పట్టిందా?"

ఎలుగు క్యాంపులోకి వచ్చి నెల్డాను పట్టుకుందనుకున్నాడు అతను. తిండి వేళ కానప్పుడు ఆమె ఆ ఇనుము ముట్టదు, ముట్టిందంటే ప్రాణం మీదికి వచ్చి ఉండాలి. వానకోటు, తాడు, అన్నీ అడవిలో పారేసి సంచి అడుగునుంచి ఆ డబ్బా లాగాడట. తనకోసం ఒక్క రోజు నడుముకు కట్టుకోనివాడు.

ఆమె అతని చెయ్యి పట్టుకుని అరుగు మీదికి లాక్కుపోయింది. దుర్భిణి అతని కళ్లకు ఆనించి, తల పట్టుకుని పచ్చిక వైపు తిప్పింది.

వెర్లిన్ చాలాసేపు చూశాడు. కాకులు చూశాడు. మట్టి చూశాడు. అడవి దారి పచ్చికలోకి తేలే చోటు చూశాడు. అక్కడికీ, ఆ పడుకున్న దానికీ ముప్పై అడుగులు ఉంటుందేమో. ఆపైన మెల్లగా ఎలుగు లేచి కూర్చుని ఒళ్లు దులుపుకుంది. పెద్ద మగది. దాని కాలి కింద ఎర్రటి పేలిక ఒకటి ఉంది.

ఇంతలో రాడ్‌బర్న్ కంచరగాడిదలను లాక్కుంటూ వచ్చి చేరాడు. అతనూ ఎక్కి చూశాడు.

"అది తింటున్నది నా మాంసమా?"

"రాత్రి దాకా నీది," అంది నెల్డా.

అతను దుర్భిణి తిరిగి ఇచ్చేశాడు. ఆరేళ్ల నిరీక్షణ అది. ఆ తర్వాత తప్పు తనదేనన్నట్టు ఆమెకు చెప్పాడు. "వాగు దగ్గర నేనడిగాను మేడమ్. దిబ్బ మీదుగా పోవద్దా అని. తల ఊపాడు. ఆయనకు తెలీదా అనుకున్నా."

రాడ్‌బర్న్ గుర్రాల దగ్గరకు దిగిపోయాడు. మొగుడూ పెళ్లాం ఇద్దరే మిగిలారు. నెల్డాకు అప్పుడు వచ్చింది నోరు. నాలుగేళ్ల కోపమంతా ఒక్కసారే కక్కేసింది. పొద్దున రెండుసార్లు చెప్పాను, కాకులని చెప్పాను, గాలి అని చెప్పాను, నువ్వేమో గంగిరెద్దులా తల ఊపావు, నిన్ను ముక్కలుగా మూటగట్టుకుని కొండ దిగేదాన్ని, అంది. లెక్కలేదా నేనంటే అని అడిగింది. వెర్లిన్ ఆమె పెదాల వంకే చూస్తున్నాడు. అలవాటుగా తల కిందికి కదలబోయింది, మధ్యలో ఆపుకున్నాడు.

"పొద్దున చెప్పావా?"

"రెండుసార్లు."

"వినపడలేదు."

నెల్డా ఆగిపోయింది. నాలుగేళ్లలో ఆ మాట అతని నోటి వెంట వినడం అదే మొదలు. మర్చిపోయానన్నాడు, నిద్రలో ఉన్నానన్నాడు, నువ్వు గొణిగావన్నాడు, వాగు హోరన్నాడు. వినపడలేదని మాత్రం ఎన్నడూ అనలేదు.

"వాడు అడిగింది కూడా?"

"ఏదో అన్నాడు. చెయ్యి చూపించాడు. కొండ బాగుందంటున్నాడేమో అనుకున్నా." డబ్బా పిన్ను మళ్లీ పెట్టాలని చూశాడు, కుదరలేదు. "ప్రతిసారీ ఏంటి, ఏంటి అని ఎంతమందిని అడగనే? గైడు నిజంగా చెవిటివాడని వేటకొచ్చేవాళ్లకు తెలిస్తే నా వెంట ఎవడొస్తాడు?"

ఆమె ఆ పిన్ను తీసుకుని డబ్బాకు పెట్టి, డబ్బాను అతని నడుము పట్టీకి తగిలించింది. కిందికి దిగింది. అతను వెనకే వచ్చాడు, డేరాలోకి పోయి గడ్డం సామాను డబ్బా తెచ్చాడు. మిషన్లు రెండూ తీసి తుడిచి చెవుల్లో పెట్టుకున్నాడు. నిలబడ్డాడు. మొహం వాడిపోయింది. తీసి, అరచేతిలో కొట్టి, మళ్లీ పెట్టుకున్నాడు.

"పోయాయే. బ్యాటరీలు లేవు. ఊరికి పోతేగానీ..."

నెల్డా ఇనుప పెట్టె తెరిచింది. సోడా ఉప్పు డబ్బా తీసి, అందులోంచి చిన్న ప్యాకెట్ ఒకటి తీసింది. కందిగింజంత బ్యాటరీలు, ఎనిమిది, సీలు విప్పనివి. ప్రతి సెప్టెంబరులో క్యాంపు సామాను కొనేటప్పుడు, కంచెకు పెద్ద బ్యాటరీతోపాటు ఇవీ కొనేది. నాలుగేళ్లలో నాలుగు ప్యాకెట్లు. సీజను అయిపోయాక ఎవరికీ తెలియకుండా ఇంట్లో సొరుగులో పడేసేది. ఎందుకు కొంటున్నావే అని తననే తిట్టుకుని, మళ్లీ ఏడు మళ్లీ కొనేది.

వెర్లిన్ ఆ ప్యాకెట్ వంక చూశాడు. ఇదెప్పటి నుంచి ఉందని అడగలేదు. బల్ల మీద కూర్చుని చెవి ఆమె వైపు తిప్పాడు. దెబ్బ తగిలిన వేలితో ఆమె ఒక్కో మిషనులో బ్యాటరీ గుచ్చి, మూత వేసి, అతని చెవి వెనక సర్దింది. పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. బయట గుర్రం ముక్కు చీదింది. అతను ఉలిక్కిపడి డేరా తలుపు వైపు చూశాడు.

"వినపడుతోందా?" అంది నెల్డా, రోజూ అడిగే గొంతుతోనే.

వెర్లిన్ రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

"అరవకే," అన్నాడు. "పక్కనే ఉన్నాగా."

నెల్డా మళ్లీ నోరు తెరిచింది. మామూలు గొంతుతో ఎలా మాట్లాడాలో ఆమెకు వెంటనే గుర్తు రాలేదు.